బీమ్ కింద ఖాళీ కనిపిస్తే పూడ్చకండి

పోయిన వారం రాత్రి పన్నెండింటికి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. డల్లాస్ దగ్గర ఇల్లు కట్టించుకుంటున్నాడు. "మావయ్యా, బీమ్ కింద అట్టపెట్టెలు పేర్చారు, వాటి మీదే కాంక్రీటు పోస్తారట, బిల్డర్ మోసం చేస్తున్నాడా?" అని ఒకటే టెన్షన్. బీమ్ అంటే గోడల కింద నేల దగ్గర అడ్డంగా పోసే కాంక్రీటు దూలం, దాన్నే ప్లింత్ బీమ్ అంటాం. అదే వారం నరసరావుపేట దగ్గర నా సైటులో మేస్త్రి ఎంతో సంతోషంగా చెప్పాడు: "సార్, ప్లింత్ బీమ్ కింద సందు వదిలేశారు, మేమే ఇసుక కొట్టి పూడ్చేశాం." ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకే అపోహ. ఇరవై రెండేళ్లుగా నల్లరేగడిలో పునాదులు వేయిస్తున్నాను, జనం డబ్బు ఎక్కువగా పోయేది దీని వల్లే.

అపోహ: బీమ్ కింద ఖాళీ ఉంటే ఇల్లు గాల్లో నిలబడినట్టే, నింపితే బలం.

వాస్తవం: అది కావాలని వదిలిన ఖాళీ. ఇంటి బరువు గోడ నుంచి బీమ్‌కి, బీమ్ నుంచి పైల్స్‌కి (నేలలోకి దించిన కాంక్రీటు స్తంభాలకి), పైల్స్ నుంచి కింద మూడున్నర మీటర్ల లోతున తేమ పెద్దగా మారని మట్టికి పోతుంది. బీమ్ కింద ఉన్న మట్టి ఏ బరువూ మోయనక్కర్లేదు. అది మోయకపోవడం కాదు సమస్య, తోయడం. వానకి తడిసి ఉబ్బే నల్లరేగడి చదరపు మీటరుకి ఇరవై టన్నుల ఒత్తిడి పెట్టడం అరుదేమీ కాదు. తొమ్మిది అంగుళాల బీమ్ అనుకుంటే మీటరు పొడవుకి నాలుగున్నర టన్నులు పైకి తోస్తుంది. పది అడుగుల ఎత్తు తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మీటరుకి 1.3 టన్నులు, శ్లాబు వాటా, బీమ్ బరువు కలిపినా ఒక అంతస్తు ఇంట్లో మూడు టన్నులు దాటడం కష్టం. ఎవరు గెలుస్తారో మీరే చూడండి. అందుకే పైల్ పునాదుల మీద మన భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం ఇలాంటి నేలలో బీమ్‌కీ మట్టికీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలకి కొంచెం పైన, ఖాళీ ఉంచమంటుంది. మట్టి ఉబ్బినా ఆ ఖాళీలోకే ఉబ్బాలి. మీరు అందులో ఇసుక, ఇటుక ముక్కలు కూరితే ఆ తోపు నేరుగా బీమ్‌కి తగులుతుంది.

మనవాళ్లు ఇసుక పరిచి, దాని మీద బీమ్ పోసి, గట్టిపడ్డాక ఇసుక లాగేస్తారు. టెక్సాస్, కొలరాడోల్లో ఆ ఇసుక చేసే పని అట్టపెట్టె చేస్తుంది. అది ఇంటిని మోయదు బాబూ, పచ్చి కాంక్రీటుని మాత్రం మోస్తుంది. రెండడుగుల లోతు బీమ్ అంటే చదరపు మీటరుకి దాదాపు టన్నున్నర, అది గట్టిపడేదాకా ఆగితే చాలు. తర్వాత నేల తేమకి అట్ట మెత్తబడుతుంది, మట్టి లేచినప్పుడు నలిగిపోతుంది, నలగాలనే పెట్టారు. మా వాడు భయపడాల్సింది పెట్టె ఉన్నందుకు కాదు, పోయకముందే వానకి తడిసిందా, ఎవరైనా తొక్కి అణిచేశారా అని. తడిసిన పెట్టె కాంక్రీటు బరువుకే కూలిపోతుంది, బీమ్ పోయి మట్టి మీద కూర్చుంటుంది, పైనుంచి చూసేవాళ్లకి ఏమీ తెలియదు.

సత్తెనపల్లి వైపు ఒక రిటైర్డ్ మాస్టారు గారి ఇల్లు గుర్తొస్తోంది. రిటైర్మెంట్ డబ్బంతా పెట్టి కట్టుకున్నారు. మొదటి వానాకాలానికే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు, పూజగది తలుపు పడటం లేదు. ఎవరో వాస్తు అన్నారు, గేటు మార్పించారు, ఇంకెవరో చెప్తే వంటగది మార్చారు. పాపం ఆ దంపతులు నిద్రపోవడం మానేశారు. నేను వెళ్లి బీమ్ పక్కన తవ్విస్తే ఇటుక ముక్కలు, ఇసుక బిర్రుగా కొట్టి ఉన్నాయి. డ్రాయింగులో ఖాళీ స్పష్టంగా ఉంది. కొంచెం కొంచెంగా పదకొండు రోజులు తీయించాం. మాస్టారు గారి భార్య ప్రతి పగులు పక్కనా పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాసుకున్నారు, ఆ రాతలు నాకెంత ఉపయోగపడ్డాయో చెప్పలేను. వానకి పెరిగి ఎండకి తగ్గడం అందులో కనిపించింది. పాత పగుళ్లు మాయం కాలేదు గానీ మరుసటి వానాకాలం గీత దాటలేదు. మీ ఇంట్లో పగులు ఉంటే ముందు ఆ పని చేయండి, వెంట్రుక మందం ప్లాస్టర్ పగులు చూసి ఇల్లు కూలిపోతుందని కంగారు పడకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్టీల్ ఎక్కువ వేస్తే చాలు అనేది తప్పు, మట్టి తోపు ఆగదు. మామూలు థర్మోకోల్ పెడితే ఖాళీ పెట్టినట్టే అనేదీ తప్పు, గట్టి థర్మోకోల్ ఆ తోపుని పైకి అందిస్తుంది. ఖాళీలో పాములు, ఎలుకలు చేరతాయంటారు, అందుకు బీమ్ పక్కన ఇటుక వరసో పలకలో అడ్డం పెడతాం, పక్క మట్టి లోపలికి జారకుండా కూడా అదే ఆపుతుంది. చిన్న ఇల్లు కదా పర్వాలేదు అనేది అన్నిటికన్నా ప్రమాదం, తేలిక ఇంటినే మట్టి సులువుగా లేపుతుంది. ఇంకొకటి, బీమ్ కింద ఖాళీ వదిలినంత మాత్రాన గచ్చు బతకదు. గదుల్లో తవ్విన నల్లమట్టినే తిరిగి నింపకండి, గ్రావెల్ పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించండి.

సాయిల్ టెస్ట్ దండగ అనేవాళ్లకి ఒక మాట. మట్టి తడిస్తే ఎంత శాతం ఉబ్బుతుందో చెప్పే ఫ్రీ స్వెల్ ఇండెక్స్ కోసం పది గ్రాముల మట్టి నీళ్లలో, పది గ్రాములు కిరోసిన్‌లో వేసి ఒక రోజు ఉంచుతారు, అంతే. 50 దాటిందంటే నీళ్లలో మట్టి పరిమాణం కిరోసిన్‌లో కన్నా ఒకటిన్నర రెట్లు మించిందన్నమాట. 100 దాటితే మామూలు ఫుటింగ్స్ (పైల్స్ లేకుండా పైమట్టి మీదే కూర్చోబెట్టే పునాదులు) ఆలోచన పక్కన పెట్టండి.

మా వాడి సైటులో తడిసిన పెట్టెలు నాలుగు దొరికాయి, మార్చాకే కాంక్రీటు పోశారు. నరసరావుపేటలో వానల్లోపు ఇసుక మొత్తం లాగించాలి. నా దగ్గర 80 మిల్లీమీటర్ల చెక్కముక్క ఒకటుంది, దాన్ని బీమ్ కింద ఈ చివర నుంచి ఆ చివరకి జరుపుతాను. నిన్న ఉత్తరం వైపు రెండు చోట్ల ఆగింది. పొద్దున్నుంచీ మళ్లీ తవ్వుతున్నారు.