శ్రీకాకుళం బోరు మీటరు నుంచి సవరణ బిల్లు దాకా

కేంద్ర విద్యుత్ శాఖ 2025 అక్టోబరులో సవరణ బిల్లు ముసాయిదా విడుదల చేయడంతో, ఒకే లైను మీద ఒకటికి మించిన సంస్థలు కరెంటు అమ్మవచ్చా అన్న పాత తగవు మళ్లీ రాజుకుంది. విద్యుత్ బోర్డు విభజన, చార్జీల పెంపుపై నిరసన తెలిపినవారి మీద 2000 ఆగస్టు నాటి బషీర్‌బాగ్ కాల్పులు, 2003 విద్యుత్ చట్టం పాఠకులకు తెలిసిన పూర్వకథే కనుక మళ్లీ చెప్పనవసరం లేదు. నేటి వివాదానికి మూలం వెతకాలంటే 2020 నాటి శ్రీకాకుళం జిల్లాకు వెళ్లాలి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన ముసాయిదా, సబ్సిడీని పంపిణీ సంస్థకు (డిస్కంకు) కాకుండా నేరుగా వినియోగదారుడికి ఇవ్వాలని ప్రతిపాదించింది. మే నెలలో రాష్ట్రాల అదనపు అప్పు పరిమితిలో కొంత భాగాన్ని విద్యుత్ సంస్కరణలతో ముడిపెట్టింది. సెప్టెంబరు 1న ఉచిత వ్యవసాయ విద్యుత్తుకు నగదు బదిలీని వర్తింపజేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి, మోటార్లకు మీటర్లు బిగించే ప్రయోగానికి శ్రీకాకుళాన్ని ఎంచుకుంది.

ఈ ఎంపికను గమనించాలి. వంశధార, నాగావళి కాలువలతోనూ చెరువులతోనూ పండే ఈ జిల్లాలో, ఉద్దానం వంటి ప్రాంతాలను మినహాయిస్తే, బోర్ల మీద ఆధారం తక్కువ. రాష్ట్రంలో సుమారు 18 లక్షల వ్యవసాయ కనెక్షన్లు ఉంటే ఇక్కడివి 30 వేలకు లోపే. బోరు లేకపోతే పంటే లేని రాయలసీమలో మొదలుపెట్టి ఉంటే ప్రతిఘటన ఏ స్థాయిలో ఉండేదో ఊహించడం కష్టం కాదు.

రైతు జేబులోంచి పైసా పోదనీ, ప్రత్యేక ఖాతాలో జమ అయిన సొమ్మే డిస్కంకు చేరుతుందనీ ప్రభుత్వం చెప్పింది. రైతు సంఘాల అభ్యంతరం డబ్బు గురించి మాత్రమే కాదు. అప్పటి వరకు సబ్సిడీ బకాయి ప్రభుత్వానికీ డిస్కంకూ మధ్య వ్యవహారంగా ఉండేది, అది ఎంత పేరుకుపోయినా రైతు గడప తొక్కేది కాదు. మీటరు వచ్చాక బిల్లు రైతు పేరున పుడుతుంది, కాబట్టి జమ ఆలస్యమైతే బాకీదారు కూడా అతనే అవుతాడన్నది వారి వాదన. వంటగ్యాస్ సబ్సిడీ ఖాతాల్లో పడడం చాలా చోట్ల ఆగిపోయినదీ అదే 2020లో కావడం వల్ల ఆ భయాన్ని అపోహ అని కొట్టిపారేయడం అధికారులకు సులువు కాలేదు. కనెక్షన్ భూయజమాని పేరున, సాగు కౌలుదారు చేతిలో ఉన్న పొలాల్లో ఆ ఖాతా ఎవరిదన్న ప్రశ్న మరొకటి.

ప్రయోగం ఫలించిందనడానికి ప్రభుత్వం చూపిన లెక్క 33.75 మిలియన్ యూనిట్ల ఆదా, అంటే జిల్లా సాగు వినియోగంలో సుమారు మూడో వంతు. అయితే మీటర్లు లేని రోజుల్లో సాగు వాడకమంటే హార్స్‌పవర్‌ను బట్టి, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగును బట్టి వేసుకున్న అంచనాయే. అంచనాకూ కొలతకూ మధ్య తేడా ఎంతో విడదీసి చెప్పకుండా దానినంతా పొదుపు అనడం సరికాదు. ఇన్నాళ్లూ పంపిణీ నష్టాల్లో కొంత రైతు పద్దులో పడిందేమోనన్న అనుమానానికి కూడా ఆ అంకె చోటిస్తుంది.

ఒకే లైను మీద పలువురు అమ్మే మార్కెట్‌తో ఈ మీటర్లకు సంబంధం ఇక్కడే ఉంది. ఎవరు ఎంత వాడుతున్నారో, ఎవరి వల్ల ఎంత ఖర్చో విడివిడిగా తేలాకే లాభం తెచ్చేవారినీ నష్టం తెచ్చేవారినీ వేరు చేయడం సాధ్యమవుతుంది. రెండు కిలోవాట్ల ఇల్లూ, ఐదు హార్స్‌పవర్ల మోటారూ తక్కువ ధరకు కరెంటు పొందుతున్నాయంటే బొబ్బిలి, గరివిడి ప్రాంతాల ఫెర్రో అల్లాయిస్ ఫర్నేసుల వంటి పెద్ద వినియోగదారులు ఎక్కువ చెల్లించడం అందుకు ఒక కారణం. చార్జీల భారం తమను పోటీలో దెబ్బతీస్తోందన్న పరిశ్రమల మాటలో నిజం ఉంది. 2003 చట్టం వారికి ఓపెన్ యాక్సెస్ తలుపు తెరిచింది, అంటే డిస్కం నుంచి కాక వేరే చోట కరెంటు కొనుక్కునే వీలు కల్పించింది. 2022 నాటి హరిత (పునరుత్పాదక విద్యుత్తు) ఓపెన్ యాక్సెస్ నిబంధనలు అందుకు కావలసిన కనీస లోడు పరిమితిని 100 కిలోవాట్లకు దించాయి. ఇప్పటి ముసాయిదా తయారీ పరిశ్రమలు, రైల్వేలు, మెట్రోల మీద క్రాస్ సబ్సిడీని, అంటే ఇతరుల తక్కువ ధర కోసం పడే ఈ అదనపు భారాన్ని, ఐదేళ్లలో తొలగించాలంటోంది. వారు తప్పుకున్నాక మిగిలేవారిలో బోరు మోటార్ల రైతులూ ఉంటారు.

డిస్కంకు వచ్చే రాబడిని తగ్గించే ఇదే పనిని ఇంటి పైకప్పు మీది సౌరవిద్యుత్తు మరో దారిలో చేస్తోంది. 2024లో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ వస్తుంది, మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కు పోయి బిల్లులో సర్దుబాటవుతాయి. విజయనగరంలో సొంత డాబా ఉన్న ఉద్యోగికి ఇది నిస్సందేహంగా మేలు. ఆ ఇల్లు కూడా రాత్రివేళ అదే లైను మీద ఆధారపడుతుంది, కానీ దాని పోషణకు ఇచ్చే సొమ్ము మాత్రం తగ్గుతుంది. పెంకుటింట్లో అద్దెకున్నవారికి ఈ దారి లేదు.

ప్రాంతానికి ఒకే సరఫరాదారు ఉండాలన్నది మారని నియమమేమీ కాదు, చీపురుపల్లిలో దశాబ్దాలపాటు కరెంటు పంచింది రెస్కో అనే గ్రామీణ విద్యుత్ సంస్థే. కాకపోతే అది వినియోగదారుల సహకార సంఘం, పైగా తన లైన్లను తానే చూసుకునేది. నేటి ముసాయిదాలో కొత్తగా వచ్చే సంస్థ లైను వేయనక్కరలేదు, ఉన్నదానిని రుసుము చెల్లించి వాడుకుంటే చాలు.

ఆ లైను విలువ ఎంతో 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను చూపించింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలూ వేల సంఖ్యలో నేలకూలాయి. ఇతర జిల్లాల నుంచి సిబ్బందిని రప్పించి వాటిని తిరిగి నిలబెట్టింది ప్రభుత్వ పంపిణీ సంస్థలే. మరో తిత్లీ వస్తే ఆ ఖర్చును కరెంటు అమ్ముకునే సంస్థ ఎంత పంచుకోవాలన్నది లైను వాడకపు రుసుమును రాష్ట్ర నియంత్రణ మండలి ఎలా నిర్ణయిస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది, రుసుము తక్కువైతే కొరత పూడ్చవలసింది ఈ ప్రాంతపు డిస్కం ఈపీడీసీఎల్ దగ్గర మిగిలిపోయినవారే.