చీమల గూట్లో పెంకుపురుగు, దాని వీపున శిలీంధ్రం

బెంగళూరులో మా అపార్ట్‌మెంటు వెనక ఖాళీ జాగాలో రాయి తిరగేసిన పిల్లవాడు అడిగాడు: "అంకుల్, చీమల మధ్య ఈ పెంకుపురుగు ఏంటి? దీని వీపు మీద ఆ నూగేంటి?" లెన్సు కింద పెట్టి చూస్తేగాని చెప్పలేనన్నాను. కానీ ఆ ప్రశ్న 1840ల నాటిది.

అప్పట్లో ఫ్రాన్స్‌లో లాబుల్బెన్, రూజే అనే ఇద్దరు పెంకుపురుగుల ఒంటిమీద ఇలాంటి నూగే గమనించారు. అది వెంట్రుకా, పురుగా, మొక్కా? ఎవరికీ అంతుపట్టలేదు. 1853లో శిలీంధ్రమని తేల్చి, ఇద్దరి పేర్లూ కలిపి లాబుల్బేనియా రూజెటీ అన్నారు. అయినా 1857లో కోలెనాటి అనే శాస్త్రజ్ఞుడు, గబ్బిలాల మీద బతికే ఈగలకు పట్టిన దాని చుట్టాన్ని ముళ్లతల పురుగుగా వర్ణించాడు. తప్పు పట్టలేం. బూజంటే మనకు తెలిసింది అల్లుకుపోయే దారాలు. దీనికవి లేవు. రెండు కణాల సిద్ధబీజం (శిలీంధ్రానికి విత్తనం లాంటిది) పురుగు పెంకుకు అంటుకుని, చాలావరకు ఒక మిల్లీమీటరు కూడా దాటని చిన్న ముల్లులా నిలబడుతుంది, అంతే.

లాబుల్బేనియేల్స్ అనే ఈ శిలీంధ్ర వంశానికి నిజమైన చరిత్రకారుడు హార్వర్డ్‌కు చెందిన రోలాండ్ థాక్స్‌టర్. 1896 నుంచి 1931 దాకా అయిదు సంపుటాలు రాశాడు. మ్యూజియం పెట్టెల్లో సూదికి గుచ్చి ఎండబెట్టిన కీటకాలను కూడా వదలకుండా వెతికాడు. నేడు 2,000 పైచిలుకు జాతులు తెలుసు. వాటిలో అయిదింట నాలుగొంతులు పెంకుపురుగుల మీదివే.

చీమల గూడు వీటికి అనువైన చోటు. తేమ, ఇరుకు, ఒళ్లూ ఒళ్లూ రాసుకునే జనం. ఈ శిలీంధ్రాలు ఎక్కువగా పాకేది తాకిడితోనే. పౌసస్ అనే పెంకుపురుగు లావాటి మీసాల నుంచి ఊరే రసాన్ని చీమలు నాకుతాయి, అది మాత్రం వాటి పిల్లల్ని తింటుంది. ఆ జాతి మన దేశంలోనూ ఉంది. 1899లో వర్ణించిన రికియా వాస్మానీ అనే శిలీంధ్రం చీమలనే పడుతుంది. ఆ పేరు చీమల గూళ్ల అతిథుల గురించి జీవితమంతా రాసిన వాస్మాన్‌ది.

వీటిని పరిశోధనశాలలో పెంచడం దాదాపు అసాధ్యం. బతికున్న పురుగే వీటి నేల. గూటి మీద సిమెంటు పడితే చీమ, పురుగు, శిలీంధ్రం ఒకేసారి పోతాయి. అందుకే మన ఊళ్లో జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థలో భద్రపరిచిన పెంకుపురుగులను థాక్స్‌టర్‌లాగే ఓపిగ్గా, ఒక్కొక్కటిగా లెన్సు కింద చూడాలని నా కోరిక. ఆ పిల్లవాడి పురుగును మాత్రం చిన్న సీసాలో స్పిరిట్ పోసి దాచాను. ఆదివారం ఇద్దరం కలిసి చూస్తాం.