వాకిట్లో కాస్త మట్టి

ఒంగోలులో ఇల్లు కట్టుకున్నప్పుడు గేటు నుంచి గడప దాకా చీమకుర్తి నల్ల గ్రానైట్ పరిపించాం. పక్కనే దొరికే రాయి, నలుపులో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం చెప్పుల్లేకుండా దాని మీద అడుగేస్తే అరికాలు చురుక్కుమంది. నల్ల రాయి తన మీద పడ్డ ఎండలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది, దాన్ని పొద్దుగూకాక వదులుతుంది. రాత్రి తొమ్మిదింటికి కూడా హాల్లోకి సెగ కొట్టేది అందుకే.

"రాయి మీద కల్లాపి చల్లితే ఏం నిలుస్తుందిరా, మట్టి ఉండాలి గానీ" అంది అమ్మ.

ఆ మాటలో చాలా సైన్సు ఉంది. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే దాదాపు 24 లక్షల జౌళ్ల వేడి కావాలి. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 40 నిమిషాలు ఆగకుండా కాలితే వచ్చేంత వేడి అది. దాన్ని నీళ్లు చుట్టూ ఉన్న నేల నుంచి, గాలి నుంచే లాక్కుంటాయి. రాయి మీద చల్లిన నీళ్లు కాలవలోకి జారిపోతాయి. మట్టి మాత్రం వాటిని పట్టుకుని గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. చెట్టు నేల లోపలి తడిని వేళ్లతో తోడి ఆకుల్లోంచి వదులుతుంది. పడమటి గాలి పొడిగా వీచేటప్పుడు ఈ చల్లదనం బాగా తెలుస్తుంది. సముద్రపు గాలి తిరిగాక అందులో అప్పటికే తేమ ఉంటుంది కాబట్టి అంతగా తెలియదు. అందుకే మన కోస్తాలో తడికన్నా ముందు నీడ చూసుకోవాలంటాను. పడమటి ఎండకు అడ్డంగా ఒక్క పారిజాతం ఉన్నా వాకిలి తీరే మారుతుంది.

సగం రాయి పీకించేశాం.

ఇక చాటు సంగతి. గేటు తీస్తే హాలంతా కనపడుతోందని ప్రహరీ ఎత్తు పెంచేస్తుంటారు. అలా చేస్తే గాలి గోడ మీంచి దాటిపోతుంది, లోపల ఉక్కపోత. గడపకు ఎదురుగా సిమెంటు జాలీ కడితే గాలి కన్నాల్లోంచి వస్తుంది. వీధి వెలుతురుకు అలవాటుపడిన కంటికి జాలీ వెనక నీడలో ఉన్న మనిషి ఆనడు, నీడలో ఉన్న మనకు మాత్రం వీధి స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రి లోపల లైటు వేస్తే ఇది తిరగబడుతుంది, అందుకే జాలీ మీదికి తీగ కావాలి.

గోడ వారన నాటిన నూరువరహాలు మొక్క ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఎరువు చాలలేదేమో అనుకున్నాం. అసలు కారణం గోడ సిమెంటులోని సున్నం. అది మట్టిలో క్షారం పెంచుతుంది, అప్పుడు ఇనుము నేలలో ఉన్నా వేళ్లకు అందదు. మొక్కను గోడకు దూరంగా, ఆకుల ఎరువు కలిపిన మట్టిలోకి మార్చాం. బోరు నీళ్లు ఉప్పగా ఉండేచోట కాగితం పూలు బాగా తట్టుకుంటాయి. గన్నేరు కూడా తట్టుకుంటుంది కానీ, అది నిలువెల్లా విషం, చిన్నపిల్లలున్న ఇంటి గుమ్మంలో వద్దు.

నెల్లూరు, ప్రకాశం వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. వాన నీళ్లు ఇంట్లోకి రాకుండా వాకిలికి పది అడుగులకు ఒకటిన్నర అంగుళం చొప్పున వాలు గడప నుంచి బయటికే ఉండాలి.

జాలీ మీద రాధామనోహరం పాకించాం. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, వాసనతో రాత్రి తిరిగే చిమ్మటలను పిలుస్తుంది. మర్నాటికి అదే పువ్వు గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది, అప్పుడు తేనెటీగలూ సీతాకోకచిలుకలూ వస్తాయి. దీపాలు పెట్టే వేళకు అమ్మ ఆ తీగ కింద, తడి ఆరని మట్టి పక్కనే పీట వేసుకుంటుంది.