బడికి రాలేకపోతే పిల్లల మీద శ్రద్ధ లేనట్టేనా? వాలంటీరు గంటలపై అపోహలు, వాస్తవాలు

కొత్త విద్యాసంవత్సరం మొదలైతే చాలు, ఎవరో ఒక తల్లి గొంతు తగ్గించి అడుగుతుంది: "మేడమ్, నేను వాలంటీరు పనికి రాలేకపోతే మా వాడిని చిన్నచూపు చూస్తారా?" వాలంటీరు పని అంటే తల్లిదండ్రులు జీతం తీసుకోకుండా బడికి చేసే సాయం; కొన్ని బడులు దానికి ఏడాదికి ఇన్ని గంటలని లెక్క పెడతాయి. పద్దెనిమిదేళ్లుగా టీచరుగా ఉన్నాను. అందులో ఆరేళ్లు తల్లిదండ్రులతో మాట్లాడే బాధ్యత కూడా నాదే. ఈ ప్రశ్న వెనకున్న టెన్షన్ నాకు బాగా తెలుసు.

అపోహ: బడికి వచ్చి పనిచేసేవాళ్లకే పిల్లల చదువు మీద శ్రద్ధ ఉంటుంది. కాబట్టి అందరికీ తప్పనిసరి చేయాలి.

వాస్తవం: ఈ మాట నమ్మి జీతం కోత పెట్టించుకున్నవాళ్లను చూశాను. రాలేక, వచ్చినవాళ్ల ముందు తలెత్తుకోలేక, చివరికి టీచరుకి ఫోన్ చేయడమే మానేసినవాళ్లనూ చూశాను. అసలు నష్టం ఆ రెండోది.

నాన్సీ హిల్, డయానా టైసన్ అనే పరిశోధకులు మిడిల్ స్కూల్ పిల్లల మీద జరిగిన 50 అధ్యయనాలను కలిపి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల చదువుతో అన్నిటికన్నా గట్టి సంబంధం కనిపించింది ఇంట్లో జరిగే మాటలకే. చదువు ఎందుకు అవసరం, ముందు ముందు ఏం చేయాలనుకుంటున్నావు, నీ మీద మా ఆశ ఏమిటి, ఇలాంటివి. బడి పనుల్లో పాల్గొనడానికీ మంచి సంబంధమే ఉంది, కానీ అంత గట్టిది కాదు. ఆ మాటలు రాత్రి షిఫ్టు చేసే తల్లి కూడా చెప్పగలదు. చాలామంది చెబుతూనే ఉన్నారు, దాన్ని ఎవరూ రిజిస్టర్‌లో రాయరు అంతే.

నేను పనిచేసిన ఒక బడిలో ఏడాదికి కుటుంబానికి పది గంటలు అని నిబంధన పెట్టారు. వచ్చింది ఎప్పుడూ వచ్చే ఆ పదిహేను మందే. కొందరు ఇంకెవరినో పంపి సంతకం పెట్టించారు. కొందరు గంటలకు బదులు డబ్బు కడతామన్నారు, ఇక అది ఇంకో ఫీజే కదా! నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు ఆ నోటీసును నెలరోజులు బ్యాగు అడుగున దాచాడు. ఎందుకురా అంటే, "అమ్మ చూస్తే నిద్ర మానేసి వస్తుంది" అన్నాడు. ఆ రోజు నాకు నోట మాట రాలేదు.

తర్వాత ఆ తల్లికి నేనే ఫోన్ చేశాను. మాటల్లో కథలు బాగా చెబుతుందని తెలిసింది. ఆరు నిమిషాల కథ ఫోన్‌లో రికార్డు చేసి పంపింది. ఒకటో తరగతి పిల్లలు దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. ఆ వారమంతా వాడి ముఖం చూడాలి!

ఇదీ వాలంటీరు పనే. కుటుంబం, బడి కలిసి పనిచేసే తీరును అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఎప్‌స్టీన్ 1995లో ఆరు రకాలుగా విడదీశారు. వాలంటీరు పని అందులో ఒకటి మాత్రమే. అది కూడా బడి వేళల్లో, బడి ఆవరణలోనే జరగాలని లేదు, ఎక్కడైనా ఎప్పుడైనా చేయవచ్చని ఆమె స్పష్టంగా రాశారు.

అపోహ: నియమం పెడితే అందరూ సమానమవుతారు.

వాస్తవం: సెలవు దొరికేవాళ్లకు ఒక ఉదయం పోతుంది, రోజుకూలికి ఆ రోజు కూలే పోతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2017లో చట్టమే చేశారు: తల్లిదండ్రులు పాల్గొనడం అడ్మిషన్‌కు గానీ, బడిలో కొనసాగడానికి గానీ షరతు కాదని చార్టర్ స్కూళ్లు (ప్రభుత్వ డబ్బుతో, సొంత నిర్వహణలో నడిచే బడులు) వాళ్లకు తెలియజేయాలి.

అపోహ: వాలంటీర్లు ఉంటే టీచర్ల కొరత తీరుతుంది.

వాస్తవం: తీరదు. ఇష్టం లేకుండా వచ్చిన పెద్దవాళ్లను కనిపెట్టుకుని ఉండటం టీచరుకు ఇంకో పని. పిల్లల దగ్గరికి ఎవరిని పంపినా ముందు వాళ్ల వివరాలు సరిచూడాలి కూడా.

అపోహ: వాలంటీరుగా వచ్చేవాళ్ల పిల్లలకు మార్కులు ఎక్కువ వేస్తారు.

వాస్తవం: ఈ పుకారు ఇక ఆపండి. పేపరు దిద్దేటప్పుడు ఎవరి అమ్మ వచ్చిందో మాకు గుర్తు కూడా ఉండదు.

రాగలిగినవాళ్లు తప్పకుండా రండి, మాకు నిజంగా సాయం అవుతుంది. రాలేనివాళ్లు పిల్లల డైరీలో చిన్న చీటీ పెట్టండి: ఏ వేళకు ఫోన్ చేస్తే మీరు దొరుకుతారో, ఇంటి నుంచి ఏం చేయగలరో. ఏమీ చేయలేకపోతే ఫోన్ వేళ ఒక్కటే రాయండి. మీ పిల్లవాడి గురించి మాట్లాడటానికి మాకు అది చాలు.