అర్ధరాత్రి ఫోన్ చేసే కంప్యూటర్లు

1991 డిసెంబర్ 20న జెనీవాలో ప్రపంచ వాణిజ్య నియమాలు చర్చించే గాట్ సంస్థ అధిపతి ఆర్థర్ డంకెల్ సభ్యదేశాల చేతికి 400 పేజీలు దాటిన ఒక ముసాయిదా ఇచ్చారు. విత్తనాలపై హక్కులు, మందుల పేటెంట్లు, సాగు రాయితీలు, బ్యాంకులు, బీమా అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ తర్వాత రెండేళ్లపాటు మన రైతు సభల్లో, గోడరాతల్లో ఎక్కడ చూసినా డంకెల్ పేరే. మెచ్చుకున్నవాళ్లలోగానీ తిట్టిపోసినవాళ్లలోగానీ ఆ కాగితాలను కళ్లతో చూసినవాళ్లు బహు తక్కువ. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అలాంటి సమాచారం చిన్న సంఘాల దాకా వచ్చే దారి అప్పటికి సరిగా పడలేదు. ఆ దారి వేయడంలో సాయపడినవి రాత్రిపూట ఒకదానికొకటి ఫోన్ చేసుకునే కంప్యూటర్లు. అవి ‘అట్టడుగు సంఘాలకు అంతర్జాతీయ వార్తలు’ అందిస్తాయన్న మాట కూడా ఉంది.

పేద దేశం వార్త పక్కనున్న మరో పేద దేశానికి చేరాలన్నా ముందు లండన్‌కో న్యూయార్క్‌కో వెళ్లి రావలసిన రోజులవి. ప్రపంచ వార్తల్లో అత్యధిక భాగం నాలుగైదు పాశ్చాత్య వార్తాసంస్థల చేతిలో ఉండేది. ఈ అసమానతపై యునెస్కో వేసిన మెక్‌బ్రైడ్ కమిషన్ 1980లో నివేదిక ఇచ్చింది. మన దేశం నుంచి బి.జి. వర్గీస్ అందులో సభ్యుడు. నివేదికపై రాజకీయ రగడ చాలా జరిగింది, ఫలితం మాత్రం పెద్దగా లేదు. ఆ రగడతో నిమిత్తం లేకుండా కొందరు పని మొదలుపెట్టేశారు. 1964లో రోమ్‌లో పుట్టిన ఇంటర్ ప్రెస్ సర్వీస్ మూడో ప్రపంచ దేశాల వార్తలను ఆ దేశాల విలేకరుల చేతే రాయించింది. పీటీఐకి ప్రధాన సంపాదకుడిగా పనిచేసిన చక్రవర్తి రాఘవన్ జెనీవాలో కూర్చుని సన్స్ అనే దినపత్రాన్ని నడిపారు. గాట్ చర్చల్లో తలుపులు మూసి ఏం మాట్లాడుకున్నారో ఆరా తీసి, ఏ పేరాలో ఏ దేశానికి ఏ ఇబ్బంది పొంచి ఉందో విడమరచి రాసే పత్రం అది.

రాసేవాళ్లు దొరికారు. ఇక చేరవేయడమే సమస్య.

పోస్టులో వేస్తే జెనీవా నుంచి ఉగాండా రాజధాని కంపాలాకు వారాలు పట్టేది. టైపు చేసిన సందేశాన్ని తీగల మీద పంపే టెలెక్స్ వేగం నిమిషానికి 66 ఇంగ్లీషు మాటలు. 1,500 మాటల కథనం పంపాలంటే 23 నిమిషాల అంతర్జాతీయ ఫోన్ లైను కావాలి. ఒక్క చోటికే అంత ఖర్చు. అదే కథనాన్ని కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు కలిపే, సెకనుకు 2400 బిట్లు పంపే మోడెమ్‌తో పంపితే సెకనుకు 240 అక్షరాల చొప్పున 40 సెకన్లలోపే వెళ్లిపోతుంది. ముందుగా కుదించి పంపితే 20 సెకన్లు చాలు. ఇంగ్లీషు పాఠంలో ఒకే అక్షరాల గుంపులు పదేపదే వస్తాయి కాబట్టి వాటికి పొట్టి గుర్తులు పెట్టి పాఠాన్ని సగానికి తగ్గించడం అప్పటి మామూలు కంప్యూటర్లకు కూడా చేతనయ్యేది. 23 నిమిషాల ఖర్చు ఎక్కడ, 20 సెకన్ల ఖర్చు ఎక్కడ! స్వచ్ఛంద సంస్థలు కంప్యూటర్ల వైపు చూసింది మోజుతో కాదు, ఫోన్ బిల్లుకు భయపడి.

1980ల రెండో సగంలో అమెరికాలో పీస్‌నెట్, ఎకోనెట్, లండన్‌లో గ్రీన్‌నెట్, బ్రెజిల్‌లో ఆల్టర్‌నెక్స్ వంటి వ్యవస్థలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1990లో ఏడు దేశాల వ్యవస్థలు కలిసి ఏపీసీ (అసోసియేషన్ ఫర్ ప్రోగ్రెసివ్ కమ్యూనికేషన్స్) అనే సమాఖ్య పెట్టుకున్నాయి. ఆ ఏడింటిలో నికరాగ్వా కూడా ఉందంటే ఇది సంపన్నుల క్లబ్బు కాదని తెలుస్తుంది. ఇంటర్ ప్రెస్ సర్వీస్ కథనాలు ఈ దారుల్లో రోజూ ప్రవహించేవి. హక్కుల వివరంతోపాటు ‘ఏపీసీ నెట్‌వర్కుల ద్వారా ప్రపంచ పంపిణీ’ అన్న ముద్ర వాటిమీద ఉండేది.

అయితే ఏపీసీ కంప్యూటర్ ఉన్న ఊళ్లలో వాళ్లకు సరే, లేని ఊళ్ల సంగతేమిటి? ఆఫ్రికాలో, ఆసియాలో చాలా చోట్ల ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే అంతర్జాతీయ లైనును అద్దెకు తీసుకునే స్తోమత చిన్న సంస్థలకు లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఫోన్ లైనులో గరగర. అక్కడ అక్కరకు వచ్చింది ఫైడోనెట్.

1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ జెన్నింగ్స్ అనే ప్రోగ్రామర్ సరదాకు మొదలుపెట్టిన వ్యవస్థ ఇది. దీనికి శాశ్వతమైన తీగలు లేవు, కేంద్ర కార్యాలయం లేదు. ఒక మామూలు కంప్యూటర్, ఒక మోడెమ్, ఒక ఫోను ఉంటే చాలు. ఫోన్ రేట్లు తగ్గే రాత్రివేళ ఒక కంప్యూటర్ మరోదానికి డయల్ చేసి, తన దగ్గర పోగైన ఉత్తరాల మూట ఇచ్చి, అవతలి మూట తీసుకుని లైను పెట్టేస్తుంది. అందుకోసం రోజూ ఒక గంటను కేటాయించుకున్నారు. ఆ గంటలో యంత్రాలు యంత్రాలతో తప్ప మనుషులతో మాట్లాడవు. మన రైల్వే మెయిల్ సర్వీసులో ఒక స్టేషన్‌లో ఎక్కిన సంచి జంక్షన్‌లో దిగి, వేరుపడి, మరో బండి ఎక్కినట్టు, సందేశం ఒక్కో మజిలీలో ఆగుతూ పోతుంది. చిరునామాలోనే మజిలీలు కనిపించేవి: ముందు ఖండం అంకె, తర్వాత ప్రాంతం, ఆ తర్వాత కంప్యూటర్. ఆఫ్రికాకు 5, ఆసియాకు 6. 1990ల మధ్యకు ఇలాంటి కంప్యూటర్లు ప్రపంచమంతా 30 వేలు దాటాయి.

గ్రీన్‌నెట్ వాళ్లు లండన్‌లో ఫైడోనెట్‌కూ ఏపీసీకీ మధ్య ఒక వంతెన యంత్రాన్ని పెట్టారు. కంపాలాలోని మకెరెరె విశ్వవిద్యాలయం, నైరోబీలోని పర్యావరణ సంస్థలు, హరారేలోని స్వచ్ఛంద సంఘాలు ఇలాంటి రాత్రి కాల్స్ మీదే బయటి ప్రపంచంతో మాట్లాడేవి. మూడో ప్రపంచపు వార్త లండన్ మీదుగా తిరగనక్కర్లేదని మొదలైన ప్రయత్నం చివరికి మళ్లీ లండన్‌కే చేరింది! దీనికి ఎవరి కుట్రా కారణం కాదు. ఆఫ్రికాలో ఒక దేశం నుంచి పొరుగుదేశానికి చేసే ఫోన్ కాల్ సైతం చాలాసార్లు యూరప్ మీదుగానే తిరిగి వెళ్లేది. వలస పాలకులు తమ రాజధానికి తీగలు వేసుకున్నారుగానీ వలసల మధ్య వేయలేదు. కొత్త నెట్‌వర్కు పాత తీగల మీదే నడవాలి మరి.

ఆ తీగల మీద గరగరను దాటిన తీరు కాస్త దగ్గరగా చూడదగ్గది. ఫోన్ లైను మనిషి గొంతు కోసం చేసింది, సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల వరకే మోస్తుంది. మోడెమ్ సున్నాలనూ ఒకట్లనూ ఆ పరిధిలోని ధ్వనులుగా మార్చి పంపుతుంది. మధ్యలో ఒక చిటపట వస్తే కొన్ని అక్షరాలు చెడిపోతాయి. దీనికి 1977లో వచ్చిన ఎక్స్‌మోడెమ్ పద్ధతి సులువైన విరుగుడు చూపింది: పాఠాన్ని 128 అక్షరాల ముక్కలు చేయి, ప్రతి ముక్కలోని అక్షరాల సంకేత సంఖ్యలు కూడి, ఆ మొత్తాన్ని 256తో భాగించగా వచ్చిన శేషాన్ని ముక్క చివర తగిలించు. అవతలి యంత్రం కూడా అదే లెక్క చేసి చూస్తుంది. సరిపోతే ‘అందింది’ అంటుంది, లేకపోతే ‘మళ్లీ పంపు’ అంటుంది. ఇందులో చిక్కేమిటంటే ప్రతి ముక్కకూ జవాబు కోసం ఆగాలి, లైను తెగితే మొదటికే రావాలి. 1986లో వచ్చిన జడ్‌మోడెమ్ ఆ రెండు బాధలూ తీర్చింది. ముక్కలను ఆపకుండా పంపుతూ పోతుంది. తొంభై శాతం వెళ్లాక లైను తెగిందనుకోండి, మళ్లీ డయల్ చేసినప్పుడు మిగిలిన పది శాతమే పంపుతుంది. నిమిషానికి ఇంత అని డబ్బు కట్టే సంస్థకు అది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

ఇంకో తెలివి టెలిబిట్ కంపెనీ ట్రెయిల్‌బ్లేజర్ మోడెమ్‌ది. ఆ ఇరుకు ధ్వని పరిధినే అది 512 దాకా సన్నటి పాయలుగా చీల్చి, ఒక్కో పాయలో ఎంత రొద ఉందో ముందుగా కొలుస్తుంది. శుభ్రంగా ఉన్న పాయల్లో ఎక్కువ బిట్లు, మోస్తరు పాయల్లో తక్కువ, పాడైన పాయల్లో అసలు ఏమీ లేదు. మామూలు మోడెమ్‌లు చేతులెత్తేసే లైన్ల మీద ఇది పనిచేసేది. తర్వాతి కాలంలో మన ఇళ్లకు వచ్చిన డీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్, ఇప్పటి 4జీ ఫోన్లు ఈ పాయల సూత్రం మీదే నడుస్తున్నాయి.

ఫోనే లేని చోట? గుండె వైద్యుడు బెర్నార్డ్ లోన్ అణుయుద్ధానికి వ్యతిరేకంగా కూడగట్టిన వైద్యుల సంస్థకు 1985లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆయనే శాటెల్‌లైఫ్ అనే సంస్థ పెట్టి ఆకాశాన్నే పోస్టుమ్యాన్‌గా వాడుకున్నారు. బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయంలో తయారై 1990 జనవరిలో ఎగిరిన ఒక చిన్న ఉపగ్రహం దాదాపు 800 కిలోమీటర్ల ఎత్తున గంటా నలభై నిమిషాలకోసారి భూమిని చుట్టేది. ఆఫ్రికాలోని వైద్య కళాశాల నెత్తిమీదికి వచ్చిన ఆ కొద్ది నిమిషాల్లో ఉత్తరాలు పైకెక్కించుకుని, తన జ్ఞాపకంలో దాచి, మరో ఖండం మీదికి వెళ్లినప్పుడు దించేది. కొత్త వైద్య పత్రికల సారాంశం ఇలా చేరేది. అయితే ఫోన్ లైను ఏమాత్రం బాగున్నా ఫైడోనెట్టే చవక అని తేలి, చాలాచోట్ల ఆ సంస్థే ఫోన్ల వైపు మళ్లింది. ఉపగ్రహం పేరు చెబితే నిధులు తేలిగ్గా వస్తాయి. రోజువారీ పనికి రాత్రి ఫోను మేలు.

మన దేశంలో కథ వేరుగా నడిచింది. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) సాయంతో మొదలైన ఎర్నెట్ ఐఐటీలకూ పరిశోధన సంస్థలకూ ఈమెయిలు ఇచ్చింది. నిక్‌నెట్ ఉపగ్రహం మీదుగా జిల్లా కేంద్రాలను ఢిల్లీతో కలిపింది. రెండూ మంచి ఇంజనీరింగే. కానీ ఒకటి పరిశోధకులకు, ఇంకొకటి ప్రభుత్వ లెక్కలకు. మామూలు పౌరుడికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ సేవతో గానీ రాలేదు, అదీ మొదట కొన్ని మహానగరాల్లోనే. విద్యార్థి ఖాతాకు ఏడాదికి 500 రూపాయలు; తెరమీద బొమ్మలు లేవు, ఉత్త అక్షరాలు.

ఆ అక్షరాలూ ఇంగ్లీషువే. నెట్‌వర్కులన్నీ మాట్లాడిన ఆస్కీ (ఒక్కో అక్షరానికీ ఒక్కో అంకె ఇచ్చే పట్టిక) సంకేతాల్లో 128 స్థానాలుంటే అందులో తెలుగుకు ఒక్కటీ లేదు. 1991లో ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్ తొలి ప్రచురణలోనే తెలుగుకు చోటు దక్కింది, కానీ అది సామాన్యుల కంప్యూటర్లలోకి రావడానికి మరో దశాబ్దం పట్టింది. అందుచేత ఈ నెట్‌వర్కుల గురించి చెప్పే ‘అట్టడుగు సంఘాలకు అంతర్జాతీయ వార్తలు’ అన్న మాటను నేను కాస్త అనుమానంగానే చదువుతాను. మోడెమ్ ఎక్కడుంది? రాజధానిలో, ఇంగ్లీషు వచ్చిన ఒక ఉద్యోగి బల్లమీద. అక్కడి నుంచి పల్లెకు వార్త పోవాలంటే ఎవరో ఒకరు రోజూ వచ్చే పేజీల కట్టలోంచి పనికొచ్చే రెండు పేజీలు ఏరి, స్థానిక భాషలోకి మార్చి, స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ యంత్రం మీద కాపీలు తీసి బస్సులో పంపాలి. ఆ ఏరేవాడి అభిరుచే పల్లెకు ప్రపంచం. అతను వాణిజ్య చర్చలు విసుగనుకుంటే డంకెల్ ఆ ఊరికి రాడు.

ఈ చివరి మజిలీని చక్కగా నడిపిన ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ పుదుచ్చేరి పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టింది. విలియనూరులోని ప్రధాన కేంద్రం నుంచి వీహెచ్ఎఫ్ రేడియో మీద పల్లెలకు డేటా పంపేవాళ్లు. వీరాంపట్టణం జాలర్లకు కావలసింది ప్రపంచ బ్యాంకు నివేదిక కాదు, రేపు అల ఎంత ఎత్తు లేస్తుందన్నది. ఆ అంచనా అమెరికా నౌకాదళం వెబ్‌సైటులో ఉచితంగా దొరికేది. దాన్ని దించుకుని, తమిళంలోకి మార్చి, లౌడ్‌స్పీకర్లలో తీరమంతా వినిపించేవాళ్లు. అమెరికా యుద్ధనౌకల కోసం వేసిన లెక్క పుదుచ్చేరి తెప్పలకు ఉపయోగపడింది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు నల్లవాడు గ్రామానికి సింగపూర్ నుంచి ఊరివాడొకరు ఫోన్ చేసి హెచ్చరించారు. కేంద్రంలోని లౌడ్‌స్పీకర్లో చాటడంతో జనం ఊరు ఖాళీ చేసి బయటపడ్డారు. ఆ రోజు పనికొచ్చింది కంప్యూటర్ కాదు, దాని కోసం కట్టిన గదీ, మైకూ, మైకులో చెప్పింది నమ్మే అలవాటూ.

పాత నెట్‌వర్కుల సత్తా లోకానికి తెలిసింది మాత్రం పెద్ద సదస్సుల్లో. 1992 జూన్‌లో రియోలో ధరిత్రి సదస్సు జరిగినప్పుడు దేశాధినేతలు రియోసెంత్రో సమావేశ కేంద్రంలో, స్వచ్ఛంద సంస్థలు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని ఫ్లమెంగో పార్కులో. ఆల్టర్‌నెక్స్, ఏపీసీ వాళ్లు రెండుచోట్లా కంప్యూటర్లు పెట్టి, ముసాయిదా పత్రాలు, మార్పులు అటూ ఇటూ చేరవేయడమే కాక ఇళ్ల దగ్గరున్న సంఘాలకూ పంపారు. 1995లో బీజింగ్ మహిళా సదస్సుకు 24 దేశాల నుంచి 40 మంది మహిళలే సాంకేతిక బృందంగా వెళ్లి ఆ పనంతా నడిపారు. కేబుళ్లు లాగింది, సర్వర్లు ఎక్కించింది, వచ్చినవాళ్లకు మెయిల్ రాయడం నేర్పింది వాళ్లే.

1990ల చివరికి ఇంటర్నెట్ చవకై ఫైడోనెట్ వంతెనలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. ఎవరూ పెద్దగా బాధపడలేదు. నిమిషాల్లో వచ్చే ఉత్తరం ఉండగా రాత్రిదాకా ఎవరాగుతారు? కానీ నిల్వ చేసి, వీలైనప్పుడు ముందుకు పంపే ఆ పద్ధతి పోలేదు. 2003 ప్రాంతంలో కర్ణాటకలోని దొడ్డబళ్లాపురలో ఒక బస్సుకు వైఫై పెట్టె బిగించారు. తాలూకా కేంద్రంలో భూమి రికార్డుల విన్నపాలకు జవాబులు ఎక్కించుకుని, పల్లె కియోస్కు ముందు ఆగినప్పుడు దించి, కొత్త విన్నపాలు తీసుకుని బస్సు సాగిపోయేది. అంతరిక్షంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. భూమి నుంచి కుజుడికి సంకేతం చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, గ్రహం అడ్డొస్తే గంటల తరబడి దారే ఉండదు. వెంటనే ‘అందింది’ అన్న జవాబు రావాలని పట్టుబట్టే మామూలు ఇంటర్నెట్ నియమాలు అక్కడ చెల్లవు. అందుకని నాసా, ఇంటర్నెట్ నిర్మాతల్లో ఒకరైన వింటన్ సెర్ఫ్ తోడ్పాటుతో, ఆలస్యాన్ని ఓర్చుకునే నెట్‌వర్కింగ్‌ను తయారుచేసి 2008లో దూర అంతరిక్షంలోని ఒక వ్యోమనౌకతో పరీక్షించింది. 2016 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ అది పనిచేస్తోంది. ప్రతి మజిలీ తనకు అందిన మూటను, తర్వాతి మజిలీ కనిపించేదాకా, తన దగ్గరే దాచి ఉంచుతుంది.