ఆడిటర్ మారితే షేరు ఎందుకు ఉలిక్కిపడుతుంది?

"ఆ కంపెనీ ఆడిటర్ మారాడట, అమ్మేయమంటారా?" శ్రీకాకుళంలో షేర్లున్న ఇళ్లలో ఇప్పుడు ఇలాంటి ప్రశ్నలు పుడుతున్నాయి. పైడిభీమవరం ఫార్మా ఉద్యోగి అయినా, పింఛను డబ్బు మార్కెట్లో పెట్టిన మాస్టారైనా ఇలా బెదరడానికి కారణం ఉంది. ఆడిటరంటే కంపెనీ లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేసే బయటి వ్యక్తి లేదా సంస్థ.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటపడింది. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయనే రాశారు. ఆ ఒక్కరోజులోనే షేరు విలువ ముప్పాతిక వంతు ఆవిరైంది. ఇక్కడ ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్ వెళ్లిన మన పిల్లలకు సత్యం అప్పట్లో కలల కంపెనీ. అందుకే ఆ దెబ్బ మన గుమ్మాల దాకా వచ్చింది. సత్యానికి ప్రైస్ వాటర్‌హౌస్ ఏళ్ల తరబడి ఆడిటర్‌గా ఉంది. పెద్ద పేరు, పాత బంధం ఉంటే చాలు, లెక్కలకు ఢోకా లేదనుకున్నారు మదుపరులు. ఆడిటర్ మారకపోవడమూ ప్రమాదమేనని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత 2013 కంపెనీల చట్టం వచ్చింది. స్టాక్ మార్కెట్లో నమోదైన (లిస్టెడ్) కంపెనీలో ఆడిట్ సంస్థ ఐదేళ్ల చొప్పున వరసగా రెండు దఫాలకు మించి ఉండకూడదంది. 2014లో ఈ నిబంధన అమల్లోకి వచ్చాక సర్దుకోవడానికి మూడేళ్లు గడువిచ్చింది. దాంతో 2017లో దేశమంతటా పాత ఆడిటర్లు ఒక్కసారిగా దిగిపోయారు. గడువు తీరి జరిగే అలాంటి మార్పుకు భయపడి షేర్లు అమ్ముకోవడం నష్టాన్ని కొనితెచ్చుకోవడమే.

పని మధ్యలో వదిలేసి వెళ్లిపోవడం వేరు. 2018 మేలో పళ్లరసాల కంపెనీ మన్‌పసంద్ బెవరేజెస్ ఏడాది ఫలితాలు ఇంకొద్ది రోజుల్లో వస్తాయనగా, అడిగిన సమాచారం ఇవ్వడం లేదంటూ దాని ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది. షేరు లోయర్ సర్క్యూట్‌లో, అంటే ఒక్కరోజులో పడనిచ్చే చివరి హద్దులో పడింది. అమ్ముదామన్నా కొనేవాడు ఉండని స్థితి అది, చిన్న మదుపరికి అంతకన్నా నరకం లేదు. అదే ఏడాది వక్రాంగీ అనే కంపెనీ నుంచి ప్రైస్ వాటర్‌హౌస్ వెళ్లిపోయినప్పుడూ మదుపరులు బెంబేలెత్తారు.

ఈ వరస చూసి 2019 అక్టోబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన బిగించింది. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోపు రాజీనామా చేసే ఆడిటర్, ఆ త్రైమాసికం నివేదిక ఇచ్చాకే వెళ్లాలి. రాజీనామాకు ఆడిటర్ చెప్పిన కారణాలను కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలపాలి. నా మటుకు షేరు ధర కన్నా ముందు ఆ కారణాల కాగితమే చదవాలి. "ఫీజు చాలడం లేదు" అని ఫలితాల ముందు గుర్తొచ్చిందంటే అనుమానించాల్సిందే.

రాజీనామాతో ఖాళీ అయిన చోట బోర్డు నియమించిన కొత్త ఆడిటర్‌కు మూడు నెలల్లోపు వాటాదారుల ఆమోదం కావాలి. కొత్త ఫీజెంత, పాతదానికీ దీనికీ తేడా ఎందుకు, ఈ సంస్థనే ఎందుకు ఎంచుకున్నారో ఆ సమావేశం నోటీసులో రాయాలి. అది మెయిల్‌కే వస్తుంది. పది షేర్లున్నవాళ్లు కూడా పలాసలో కూర్చునే ఈ-ఓటింగ్‌లో వద్దని ఓటేయొచ్చు.