తుప్పు పట్టిన బోల్టు ఎందుకు మొరాయిస్తుంది?

కారు కిందికి దూరి, సైలెన్సర్ బోల్టుకి పానా వేసి లాగుతాం. కదలదు. పళ్లు బిగబట్టి ఇంకాస్త లాగితే టక్కుమంటుంది. హమ్మయ్య, ఊడింది అనుకునేలోపు తల ఒక్కటే చేతికొస్తుంది, మిగతా బోల్టంతా మరలోనే ఉండిపోతుంది. పది నిమిషాల పని కాస్తా రెండు రోజుల టెన్షన్‌ అవుతుంది.

ఇనుము తేమతో, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారితే ముందున్న చోటుకి కనీసం రెండింతలు కావాలి. బయటైతే పెచ్చులుగా రాలిపోతుంది. బోల్టుకీ నట్టుకీ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో పెరిగితే ఎక్కడికి పోతుంది? రెండు వైపులా ఒత్తుకుని, మేకు దిగ్గొట్టినట్టు బిగుసుకుంటుంది. అసలు కొత్త బోల్టు బిగించేటప్పుడే మన బలంలో సుమారు 90 శాతం రాపిడికి పోతుంది. దాన్ని సాగదీసి పట్టు ఇచ్చేది మిగిలిన 10 శాతమే. ఆ రాపిడికి తుప్పు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది!

అలాంటప్పుడు పానాకి పైపు తొడగాలనిపిస్తుంది. పొడవు రెట్టింపైతే అదే చేతికి రెట్టింపు బలం వస్తుంది, నిజమే. కానీ 10 మి.మీ. బోల్టు తట్టుకునే మెలిలో సగమే 8 మి.మీ. బోల్టు తట్టుకుంటుంది. సన్న బోల్టు దగ్గర పైపు జోలికి పోకపోవడమే మంచిది. ఎంత చిన్న బోల్టయినా సరే, కారు ఒట్టి జాకీ మీద ఉండగా కిందికి దూరి లాగొద్దు, స్టాండ్లు పెట్టండి.

నేను నమ్ముకునేది నూనెని. వైర్ బ్రష్‌తో పైతుప్పు రాల్చి, తుప్పు వదిలించే పల్చటి నూనె కొట్టి, రాత్రంతా వదిలేస్తాను. దీపం ఒత్తి నూనె పీల్చుకున్నట్టే సన్నటి సందు కూడా పీల్చుకుంటుంది, కాకపోతే దానికి టైం కావాలి. మధ్యమధ్యలో బోల్టు తల మీద సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలు వేయాలి. తుప్పు పెళుసు కాబట్టి పగుళ్లిస్తుంది, నూనెకి దారి దొరుకుతుంది.

అప్పటికీ లొంగకపోతే వేడి. నట్టుని 300 డిగ్రీలు వేడెక్కిస్తే 10 మి.మీ. రంధ్రం దాదాపు 0.036 మి.మీ. వెడల్పవుతుంది. చెప్పుకోవడానికి చాలా తక్కువే అయినా తుప్పు పట్టు విడవడానికి తరచూ అదే సరిపోతుంది. బోల్టు కూడా అంతే వేడెక్కితే లాభం లేదు, మంట నట్టు మీదే ఆడాలి. పెట్రోలు పైపులు, బ్రేకు గొట్టాలు, కొట్టిన నూనె దగ్గర్లో ఉంటే మంట వెలిగించనే కూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ తడి మీద వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

ఇక తిప్పేటప్పుడు చేతికి తెలిసే తేడా ఒకటుంది. పట్టు వదిలే బోల్టు కిర్రుమని ఒక్కసారి అదురుతుంది. విరగబోయేది రబ్బరులా మెత్తగా సాగుతుంది. ఆ మెత్తదనం తగలగానే ఆపి, బిగించే వైపు కొంచెం తిప్పి, మళ్లీ నూనె వేయాలి. పావు చుట్టు వెనక్కి, కాస్త ముందుకి, మళ్లీ వెనక్కి. మరల్లోంచి ఎర్రటి ముద్ద బయటికొస్తుంది. తుడుస్తూ నూనె వేస్తూ పోతే ఆ ఎరుపు పల్చబడి, బోల్టు వేళ్లకే తిరగడం మొదలుపెడుతుంది.